అమరావతి స్తూపాన్ని గోడకి ఆనిస్తే ఏమవుతుంది

అమరావతి స్తూపం ఎక్కడుంది అంటే కృష్ణ ఒడ్డున, గుంటూరులో బస్సెక్కితే చాలు అని ఎవరైనా చెప్పేస్తారు, కానీ దిగి చూస్తే అక్కడున్నది గడ్డి పట్టిన గుండ్రటి దిబ్బ, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన రాతి పలకలు, అంతే. చెక్కిన రాళ్లలో పెద్ద వాటా చెన్నై ఎగ్మోర్‌లో గవర్నమెంట్ మ్యూజియంలో ఉంది, ఇంకో నూట ఇరవై దాకా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని కోల్‌కతాలో, కొన్ని ఢిల్లీలో, కొన్ని పారిస్ గీమే మ్యూజియంలో, మిగతావి ఊళ్లోనే ఆర్కియాలజీ వాళ్ల మ్యూజియంలో. దీని గురించి మనవాళ్ల మాటలు ఎప్పుడూ ఎవరు పట్టుకెళ్లారు, ఎప్పుడు తిరిగిస్తారు అనే దగ్గరే తిరుగుతాయి. అడగాల్సిన ప్రశ్నే, కాదనట్లేదు. మ్యూజియాల గురించి చదువుకునేవాళ్లు మాత్రం దానితో పాటు ఇంకోటి అడుగుతారు, పట్టుకెళ్లినవాళ్లు వాటిని ఎలా పెట్టారు అని. ఏ గోడకి పెట్టారు, ఎంత ఎత్తులో పెట్టారు, ఏ వైపు జనానికి కనపడేలా తిప్పారు, పక్కన అట్ట మీద ఏం రాశారు. చిన్న విషయాల్లా కనపడతాయి గానీ అమరావతి విషయంలో కథంతా వీటిలోనే ఉంది.

ఎందుకో తెలియాలంటే స్తూపం కట్టుబడి కొంచెం చూడాలి. మధ్యలో అండం అనే పెద్ద గుమ్మటం, దాని కింద మేధి అనే గుండ్రటి అరుగు, అడ్డంగా కొలిస్తే దాదాపు 50 మీటర్లు. దాని చుట్టూ కాస్త ఎడంగా రాతి ప్రాకారం, మూడు మీటర్ల దాకా ఎత్తు, అడ్డంగా 59 మీటర్ల దాకా వస్తుంది. ఈ రెండిటి మధ్య సుమారు నాలుగు మీటర్ల వెడల్పు దారి, అదే ప్రదక్షిణ పథం. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, ఒక్కో ద్వారానికి ఎదురుగా మేధి నుంచి ముందుకి పొడుచుకొచ్చిన అరుగు, దాని మీద ఐదేసి ఆయక స్తంభాలు, ఈ ఐదు స్తంభాల పద్ధతి మన ఆంధ్ర స్తూపాలకే సొంతం, సాంచీలో ఇది ఉండదు. ప్రాకారానికి బయటి వైపు ఎక్కువగా పద్మాలు, స్తంభం మధ్యలో నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు. కథలన్నీ లోపలి వైపు. అంటే బయట నుంచి వచ్చేవాడికి ముందు పూలు కనపడతాయి, ద్వారం దాటి ఎడమకి తిరిగి నడక మొదలుపెట్టాకే జాతక కథలు, బుద్ధుడి జీవితం ఒక్కొక్కటిగా ఎదురవుతాయి, కుడి చేతి వైపు మేధి పలకలు, ఎడమ చేతి వైపు ప్రాకారం, మధ్యలో నడిచే మనిషి. ఎక్కడ నిలబడినా మొత్తం కనపడదు. నడిస్తేనే కనపడుతుంది, నడిచినంత మేరే కనపడుతుంది.

ఇలాంటిదాన్ని మ్యూజియంలో పెట్టాలి. మ్యూజియం గది నలుచదరంగా ఉంటుంది, గోడలు తిన్నగా ఉంటాయి, చూసేవాడు రాయికి ఎదురుగా నిలబడతాడు. 59 మీటర్ల గుండ్రం పట్టే గది ఎవరి దగ్గరా లేదు, ఉన్నా అన్ని రాళ్లు ఏ ఒక్కరి దగ్గరా లేవు, చాలా రాళ్లని సున్నం కోసం బట్టీల్లో కాల్చేశారు కూడా. అందుకని ఎక్కడైనా జరిగింది ఒకటే, మొలతాడు విప్పి గోడకి మేకు కొట్టి వేలాడదీసినట్టు ఆ గుండ్రాన్ని తిన్నగా చేసి గోడ పక్కన నిలబెట్టారు. కథలున్న వైపు ముందుకి పెడితే పద్మాలు గోడ వైపు పోతాయి, పద్మాలు ముందుకి పెడితే కథలు పోతాయి, సహజంగా క్యూరేటర్లు కథల వైపే మొగ్గారు. ఇంకోటి ఎత్తు. ప్రాకారం పైన అడ్డంగా పరిచే రాతి దూలాన్ని ఉష్ణీషం అంటారు, పొడవాటి పూలదండని మోసుకుంటూ పోయే మనుషులు దాని మీద వరసగా ఉంటారు. అది అసలు మనిషి తలకి చాలా పైన ఉండాల్సింది, తలెత్తి చూస్తూ నడవాల్సింది. మ్యూజియంలో అది కంటి ఎత్తుకి వచ్చేస్తే అప్పటి భక్తుడు ఎప్పుడూ చూడని వివరాలు, ఆ దండ మోసేవాడి నడుం వంపు, మెడలో నగ, అన్నీ దగ్గరగా కనపడతాయి. ఇది నష్టమా లాభమా అంటే రెండూ. శిల్పి చెయ్యి ఎంత పనిమంతమో తెలిసేది ఇలాగే, కానీ ఆ చెయ్యి ఎవరి కంటి కోసం చెక్కిందో మర్చిపోయేదీ ఇలాగే.

ఇది అమరావతికే వచ్చిన కష్టం కాదు. గ్రీసులో పార్థినాన్ గుడి మీది శిల్పాల వరస గుడి బయటి గోడ పైన చుట్టూరా తిరుగుతుంది, అంటే బయట నడుస్తూ తలెత్తి చూడాల్సింది, బ్రిటిష్ మ్యూజియంలో దాన్ని గది లోపలి గోడల మీద పెట్టారు, అంటే బయటిది లోపలికి తిరిగిపోయింది. 2009లో ఏథెన్స్‌లో కొత్త ఆక్రోపోలిస్ మ్యూజియం తెరిచినప్పుడు వాళ్లు చేసిన పని ఏంటంటే పై అంతస్తులో గుడి గర్భగృహం ఎంత ఉందో అంత కొలతతో, అదే దిక్కుకి, ఒక కట్టడం కట్టి దాని బయటి వైపు ఆ వరసని చుట్టారు, దొరకని చోట లండన్‌లో ఉన్నవాటి ప్లాస్టర్ అచ్చులు పెట్టారు. అక్కడ మళ్లీ చుట్టూ నడవాల్సిందే. శిల్పాలు తిరిగి రావాలి అనే వాదనకి వాళ్లు వాడిన గట్టి ఆయుధం ఉపన్యాసం కన్నా ఆ గదే అనిపిస్తుంది. మనం ఇంకా ఆ గది గురించి ఆలోచించలేదు.

అమరావతి రాళ్లు తిరిగిన దారి చూస్తే ఒక్కో మజిలీలో ఒక్కో రకం డిస్‌ప్లే. 18వ శతాబ్దం ఆఖర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి కాపురం మార్చి అమరావతి కట్టించుకుంటున్నప్పుడు దీపాలదిన్నె అనే దిబ్బ, అంటే ఈ స్తూపం నుంచే, ఇటుకలు, పలకలు తీశారు, వాటిలో కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు (అప్పటికింకా కల్నల్ కాలేదు, పేరు అలా స్థిరపడిపోయింది), మళ్లీ 1816లో మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. మెకంజీ పనంతా కావలి సోదరులు లాంటి తెలుగు పండితుల మీద ఆధారపడి నడిచిందని మనకి తెలిసిందే. ఆ గీతలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, వాటిలో ఉన్న రాళ్లు కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, కాబట్టి ఆ రాళ్లకి ఆ కాగితమే మ్యూజియం. కొన్ని పలకలు మచిలీపట్నం పోయాయి, అక్కడ రాబర్ట్‌సన్ అనే అధికారి తను కట్టించిన బజారు మధ్యలో ఒక కట్టడంగా పేర్పించాడు, రాబర్ట్‌సన్ దిబ్బ అనేవారు. ఊరి అలంకారం అన్నమాట. చదువూ లేదు, భక్తీ లేదు, సెంటర్లో ఏదో ఒకటి ఉండాలి కదా అని.

1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసు పంపించాడు, అక్కడ చాలా ఏళ్లు ఎండకీ వానకీ ఆరుబయటే పడున్నాయి. 1858లో లినియస్ ట్రైప్ అనే ఫోటోగ్రాఫర్ మద్రాసులోనే వాటికి ఫోటోలు తీశాడు, మరుసటేడు ఓడెక్కించారు. లండన్‌లో దిగాక కూడా దశ తిరగలేదు, ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్ అనే భవనంలో గుర్రబ్బళ్ల కొట్టంలో పడేశారు. 1867లో కట్టడాల చరిత్ర రాసే జేమ్స్ ఫెర్గూసన్ అక్కడ చూసి ఫోటోలు తీయించి, మద్రాసు ఫోటోలతో, మెకంజీ గీయించిన బొమ్మలతో కలిపి ఏ ముక్క ఎక్కడిదో పేర్చే ప్రయత్నం చేసి మరుసటేడు పుస్తకం వేశాడు. గమనించాల్సింది ఏంటంటే స్తూపం మొదటిసారి మళ్లీ ఒక్కచోటికి చేరింది కాగితం మీదే, రాళ్లు అప్పటికి కొట్టంలోనే ఉన్నాయి. 1880లో ఇండియా మ్యూజియం సరుకు పంచేసినప్పుడు ఇవి బ్రిటిష్ మ్యూజియం వాటాకి వచ్చాయి, అక్కడ పెద్ద మెట్ల దారి గోడల మీద అమర్చారు. మెట్ల దారి అంటే చిన్నచూపు అని అప్పుడూ అనుకున్నారు, ఇప్పుడూ అంటారు, గ్రీకు శిల్పాలకి హాలు, మనవాటికి మెట్లు. అది నిజమే. అయినా ఒక విచిత్రం ఉంది, ఆ మెట్ల మీద జనం ఆగకుండా నడుస్తూ వాటిని చూశారు, లండన్‌లో అవి వాటి అసలు పద్ధతికి కాస్త దగ్గరగా ఉన్నది ఆ కాలంలోనే కావచ్చు. తర్వాత చాలా ఏళ్లు స్టోర్ రూములో గడిపి 1992లో వాటికోసమే గ్యాలరీ తెరిచారు, గాజు వెనకాల, గాలి తేమ అదుపులో ఉండే గది.

గాజు ఎందుకు అంటే దానికి రసాయన కారణం ఉంది. వీటిని అమరావతి మార్బుల్స్ అని పిలిచారు గానీ ఇది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. నగరం గాలిలో బొగ్గు, పెట్రోలు పొగల వల్ల ఉండే సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి సున్నపురాయి పైపొరని జిప్సంలా మార్చేస్తుంది, అది ఉబ్బి, పొడిలా రాలుతుంది, అమరావతి చెక్కుడు లోతు తక్కువ, గీతలు సన్నం, పైపొర పోతే ముఖాలు పోయినట్టే. కాబట్టి గాజు పెట్టడం న్యాయమే. దాంతో పాటు వచ్చే ఇబ్బంది ఏంటంటే చూసేవాడి నీడ, ఎదురు గోడ లైటు, రెండూ గాజు మీద పడతాయి. ఇక లైటింగ్ విషయానికొస్తే పాత బట్టకో తాళపత్రానికో అయితే వెలుగు 50 లక్స్ (వెలుగుని కొలిచే లెక్క) మించకూడదని పట్టుబడతారు, రంగు వెలిసిపోతుంది, పోగు పెళుసవుతుంది, రాయికి ఆ భయం లేదు, కాబట్టి ఎంత వెలుగు అనే దానికన్నా ఏ వైపు నుంచి అనేదే ముఖ్యం. ఎదురుగా ఫ్లాట్‌గా లైటు కొడితే లోతు తక్కువ చెక్కుడు అంతా చదునుగా కనపడుతుంది, పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ఏనుగు తొండం రాయిలోంచి బయటికొస్తుంది. అసలు చోట ఆ పని సూర్యుడు చేసేవాడు, పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు. మ్యూజియంలో ఎప్పుడూ ఒకటే పూట.

చెన్నై సంగతి వేరు. అక్కడ 1880ల్లో మ్యూజియం చూసుకునే జార్జ్ బిడీ శిల్పాల్ని గోడలోకి దింపి సిమెంటుతో పూసేయించాడు. ఆ రాళ్లు తవ్వించిన పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్‌కి ఈ పని అస్సలు నచ్చలేదు. బిడీ వైపు నుంచి ఆలోచిస్తే అప్పటికి అది తెలివితక్కువ పనేం కాదు, ముక్కలు కదలవు, ఎవరూ ఎత్తుకుపోలేరు, గోడ నిండా వరసగా అందంగా ఉంటుంది, అప్పట్లో చాలా చోట్ల అలాగే చేసేవారు. కానీ సిమెంటులోంచి, గోడ తేమలోంచి ఉప్పు రాతిలోకి ఎక్కుతుంది, ఆరినప్పుడల్లా ఆ ఉప్పు గడ్డకట్టి లోపల్నించి రాయిని తోస్తుంది, ఇక ఊడదీద్దామంటే రాయే పగిలే ప్రమాదం. మ్యూజియాల చదువులో ఇప్పుడు మొదటి పాఠాల్లో ఒకటి, చేసిన ఏ పనైనా రేపు ఇంకొకరు విప్పగలిగేలా ఉండాలి అని. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీల మీద, విప్పుకునే బిగింపుల మీద ఆనించి పెట్టడం, రాయికీ గోడకీ మధ్య గాలి ఆడేలా వదలడం అన్నీ ఇలాంటి అనుభవాల నుంచి వచ్చినవే. అయినా ఎగ్మోర్ గ్యాలరీని తీసిపారెయ్యలేం, నలగిరి అనే మదపుటేనుగుని బుద్ధుడు లొంగదీసిన కథ ఉన్న గుండ్రటి చెక్కుడు అక్కడిదే. ఒకే గుండ్రంలో మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చే ఏనుగు, పక్కనే బుద్ధుడి కాళ్ల దగ్గర మోకాళ్లు వంచిన అదే ఏనుగు, పైన కిటికీల్లోంచి చూస్తున్న జనం. దాని ముందు నిలబడితే లైటు బాలేదు, లేబుల్ బాలేదు అనే గొడవ కాసేపు గుర్తుకురాదు. మంచి వస్తువు చెడ్డ డిస్‌ప్లేని కూడా తట్టుకుంటుంది, కాకపోతే అలా తట్టుకోగలిగేవి పదో ఇరవయ్యో ఉంటాయి, మిగతా వందల ముక్కలు పక్కన సరైన మాట లేకపోతే వట్టి రాళ్లే.

గోడలోకి దింపడంలో ఇంకో నష్టం వెనక వైపు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక మేధి పలక ఉంది, అమరావతి గురించి ఏ పుస్తకం తెరిచినా ఆ బొమ్మే ఉంటుంది. ముందు వైపు క్రీ.శ. 3వ శతాబ్దం నాటి చెక్కుడు, మొత్తం స్తూపం దాని మీదే ఉంది, ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఐదు ఆయక స్తంభాలు, ద్వారంలో నిలబడిన బుద్ధుడు. అమరావతి స్తూపం ఎలా ఉండేదో ఇప్పుడు మనం ఊహించి గీసే బొమ్మలకి ముఖ్య ఆధారం ఇలాంటి పలకలే. అదే రాయి వెనక్కి తిప్పితే దానికన్నా దాదాపు మూడు వందల ఏళ్ల ముందుదైన వేరే చెక్కుడు, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం, బుద్ధుడు మనిషి రూపంలో లేడు. అంటే పాత పలకని పీకి, తిరగేసి, రెండో వైపు కొత్తగా చెక్కి మళ్లీ వాడారు. బుద్ధుణ్ణి గుర్తులతో చూపించే కాలం నుంచి మనిషిగా చూపించే కాలం దాకా జరిగిన మార్పు ఒక్క రాతి రెండు ముఖాల మీద ఉంది. దీన్ని గోడకి ఆనిస్తే సగం చరిత్ర గోడకి అంటుకుపోతుంది, నడిమధ్యలో నిలబెడితేనే చుట్టూ తిరిగి చూడొచ్చు. ఒక పలకకి ఎంత చోటు ఇవ్వాలి అనేది బడ్జెట్ విషయంలా కనపడుతుంది గానీ చరిత్రలో ఏది చెప్పాలి అనే నిర్ణయం కూడా అదే.

ఇక లేబుళ్లు. బ్రిటిష్ మ్యూజియంలో ఈ శిల్పాల రిజిస్టర్ నంబర్లు 1880,0709 తో మొదలవుతాయి, ఏడాది, నెల, తేదీ, అంటే 1880 జూలై 9. మ్యూజియం లెక్కలో అది వాటి పుట్టినరోజు. దానికి ముందు గుర్రబ్బళ్ల కొట్టం, ఓడ, మద్రాసు ఎండ, కృష్ణ ఒడ్డు ఏదీ ఆ నంబర్లో లేదు. నంబరు లేకపోతే మ్యూజియం నడవదు, వస్తువు పోయిందో ఉందో తెలియదు, కాబట్టి నంబర్ని తిట్టక్కర్లేదు, కానీ గ్యాలరీలో రాసే నాలుగు లైన్లు కూడా ఆ నంబరు లాగే మాట్లాడితే చిక్కు. సున్నపురాయి, అమరావతి, 2వ శతాబ్దం అని రాసి వదిలేస్తే చూసేవాడు తల ఊపి ముందుకెళ్తాడు. ఆ రాళ్ల మీదే బ్రాహ్మీ లిపిలో ఎవరు ఇచ్చారో చెక్కి ఉంది, రాజుల కన్నా మామూలు జనం పేర్లే ఎక్కువ, వర్తకులు, వాళ్ల భార్యలు, భిక్షువులు, భిక్షుణులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడు. ఒక శాసనంలో పూర్ణఘటం, అంటే పూర్ణకుంభం, చెక్కిన పలక ఇచ్చినవాడు విధికుడు అనే చర్మకారుడు, తోలు పని చేసేవాడు, కొడుకులతో కూతుళ్లతో కలిసి ఇచ్చాడని ఉంది. రెండు వేల ఏళ్ల నాటి చందాదారు తన పేరు తనే చెక్కించుకుంటే మన అట్ట ముక్క మీద దానికి చోటుండదు, తవ్విన తెల్లదొర పేరుకి మాత్రం ఉంటుంది. ఇలియట్ మార్బుల్స్ అని పేరు పెట్టింది అలాగే కదా. ఖర్చు లేని మార్పు ఏదైనా ఉందంటే ఇదే, శాసనం అర్థం తెలుగులో రెండు లైన్లు.

ఇప్పుడు అసలు గొడవ. 1880లో మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఆర్డరుతో దిబ్బ మధ్యలో మొత్తం తవ్వేశారు, తర్వాత బర్జెస్ వచ్చేసరికి పెద్ద గొయ్యి, చుట్టూ చెల్లాచెదురుగా రాళ్లు. ఆ రాళ్లని ఏం చెయ్యాలి అనే దగ్గర ఇద్దరు పేచీ పడ్డారు. బర్జెస్ ఏమో ఇక్కడుంటే సున్నానికి కాల్చేస్తారు, మ్యూజియానికి తరలించాలి అన్నాడు. అప్పట్లో ప్రాచీన కట్టడాల క్యూరేటర్ అనే ఉద్యోగంలో ఉన్న హెన్రీ హార్డీ కోల్ ఒప్పుకోలేదు, అసలు రాయి అసలు చోటే ఉండాలి, మ్యూజియాలకి కావాలంటే అచ్చులు తీసి పంపండి అన్నాడు. ఆ మాట ఆయన గాల్లోంచి తీసి అన్నది కాదు, 1869–70లో సాంచీ తూర్పు తోరణానికి ప్లాస్టర్ అచ్చు తీయించింది ఆయనే, ఆ అచ్చుల నకళ్లు యూరప్ మ్యూజియాలకి వెళ్లాయి, ఇప్పటికీ బెర్లిన్‌లో హంబోల్ట్ ఫోరమ్ అనే మ్యూజియం ముందు ఆ తోరణం రాతి నకలు నిలబడి ఉంది. తోరణాన్నే ఎత్తుకెళ్లాలనే ప్రయత్నాలు కూడా జరిగాయి, ఫలించలేదు. తర్వాత 1912 నుంచి 1919 దాకా జాన్ మార్షల్ అక్కడ బాగుచేయించి పక్కనే చిన్న మ్యూజియం పెట్టించాడు. ఫలితంగా సాంచీలో నకలు ప్రయాణం చేసింది, అసలు ఊళ్లో మిగిలింది, ఇవాళ వెళ్లినా ప్రాకారానికీ స్తూపానికీ మధ్య నడవచ్చు. అమరావతిలో అసలు ప్రయాణం చేసింది, ఊళ్లో మ్యూజియం ఆవరణలో మిగిలింది స్తూపం నమూనా. బర్జెస్‌ని పూర్తిగా తప్పుపట్టలేం, సున్నం బట్టీలు నిజమే, ఆయన తరలించినవే ఇప్పుడు చెన్నైలో మనం చూస్తున్నవి. కానీ ఆ వాదనలో కోల్ గెలిచుంటే అనిపించక మానదు.

అసలు చోటే లేకపోతే ఏం చెయ్యాలి అనే దానికి మనకి ఇంకో ఉదాహరణ ఉంది, నాగార్జునకొండ. 1926లో బయటపడిన ఆ లోయ మొత్తం నాగార్జునసాగర్ డ్యామ్ కింద మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావిడిగా తవ్వి, ముఖ్యమైన తొమ్మిది కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ పైకి తీసుకెళ్లి మళ్లీ కట్టారు, ఇంకొన్నిటికి నమూనాలు చేశారు, నీళ్లొచ్చాక కొండ దీవి అయింది, 1966లో దాని మీద మ్యూజియం తెరిచారు. లాంచీ ఎక్కి వెళ్లి చూసే మ్యూజియం. ఇది అసలా నకలా అని మ్యూజియాల చదువులో గంటలు గంటలు వాదించుకోవచ్చు, ఇటుక అదే, ప్లాను అదే, కింద నేల మాత్రం వేరు, లోయలో ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండేవో ఆ లెక్క నీళ్లలో ఉంది. అయినా అక్కడ మహాచైత్యం అనే పెద్ద స్తూపం చుట్టూ తిరగొచ్చు. చెక్కుడు రాళ్లు మ్యూజియం లోపల, కట్టడాల ఆకారాలు బయట ఎండలో, ఈ విభజన అనుకుని చేసినా అవసరానికి చేసినా అమరావతికి పనికొచ్చే పద్ధతి ఇదే.

మనవాళ్లలో చాలామందికి మ్యూజియం అంటే మొదట గుర్తొచ్చేది హైదరాబాద్ సాలార్‌జంగ్, అక్కడ ఈ సమస్య తిరగబడి ఉంటుంది. అది ఒక మనిషి, ఒక కుటుంబం ఇష్టపడి కొన్న వేల వస్తువులు, ఒకదానికొకటి సంబంధం లేదు, 1951లో దివాన్ దేవిడీ అనే వాళ్ల భవనంలో జనానికి తెరిచినప్పుడు జేమ్స్ కజిన్స్ అనే కళా విమర్శకుడితో వర్గీకరణ చేయించారు, 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. అమరావతిలో ఒక్క వస్తువుని వంద ముక్కలు చేస్తే ఇక్కడ వేల ముక్కలతో ఒక్క వస్తువు తయారు చెయ్యాలి. ఇక్కడ కూడా గెలిచేది కదలికే, గంట కొట్టే టైముకి గడియారం ముందు జనం గుమిగూడతారు, బొమ్మ బయటికొచ్చి గంట కొట్టాక లేచి వెళ్లిపోతారు. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట చెక్కబొమ్మ వెనక అద్దం పెట్టినవాడు ఎవరో గానీ పని తెలిసినవాడు, రెండు వైపులా చెక్కిన బొమ్మని ఒకే చోట నిలబడి చూసేలా చేశాడు. అమరావతి రెండు ముఖాల పలకకి కావాల్సింది ఈ బుర్రే.

ఈ పని నేర్పే చదువు మన దేశంలో కొత్తదేం కాదు, బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో మ్యూజియాలజీ డిపార్ట్‌మెంట్ 1952 నుంచి ఉంది. అయినా క్యూరేటర్ అంటే చరిత్రలో ఎం.ఏ. చేసి తాళాలు పట్టుకునే ఉద్యోగి అనే అభిప్రాయం పోలేదు. రాయి బరువుకి ఎంత కడ్డీ కావాలి, తేమ ఎంతలో ఉండాలి, అప్పుగా ఇచ్చే వస్తువుకి ఇన్సూరెన్స్ ఎలా, స్టోర్ రూములో ఏ అరలో ఏముంది, ఏ వస్తువు ఎవరి చేతులు మారి వచ్చింది, ఇవన్నీ ఆ పనిలోనివే. ఆఖరిది ఎంత అవసరమో ప్రకాశం జిల్లా చందవరం చెప్తుంది, అక్కడి బౌద్ధ శిల్పం ఒకటి ఎక్కడెక్కడో తిరిగి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది, 2016లో తిరిగిచ్చారు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జాన్ గై క్యూరేట్ చేసిన తొలి బౌద్ధ కళ ఎగ్జిబిషన్‌కి సూర్యాపేట జిల్లా ఫణిగిరి తోరణం ముక్కలు వెళ్లాయి, అయ్యాక అక్కడ ఉండిపోలేదు. ఫణిగిరి గురించి ఆ ఎగ్జిబిషన్‌కి ముందు తెలుగువాళ్లలోనే ఎంతమందికి తెలుసు అనేది వేరే చర్చ.

రాష్ట్రం విడిపోయి కొత్త రాజధానికి అమరావతి పేరు పెట్టాక శిల్పాలు తిరిగి రావాలి అనే మాట మళ్లీ గట్టిగా వినపడుతోంది. వస్తే మంచిదే. వచ్చాక ఇంకో నలుచదరం గదిలో గాజు వెనక వరసగా పెడితే లండన్ గది అమరావతికి మారినట్టు, అంతకు మించి కాదు. రాకపోయినా చెయ్యగలిగేది ఒకటుంది, కోల్ చెప్పినదాన్ని తలకిందులు చెయ్యడం. ఇప్పుడు రాయిని తాకకుండా స్కాన్ చేసి నకలు తియ్యొచ్చు, చెన్నైవీ లండన్‌వీ కలిపి, మెకంజీ గీతల్లో మాత్రమే మిగిలినవి కూడా చేర్చి, పలనాటి రాయిలోనే నకళ్లు చెక్కించి, దిబ్బని ముట్టుకోకుండా పక్క స్థలంలో 59 మీటర్ల గుండ్రంలో, పద్మాలు బయటికీ కథలు లోపలికీ, ఉష్ణీషం తల పైనా ఉండేలా నిలబెట్టొచ్చు. ఖాళీలని ఖాళీలుగానే వదిలెయ్యాలి, ఊహించి పూడిస్తే అది సినిమా సెట్టు అవుతుంది.

ప్రాకారం వరకు పని నడుస్తుంది. మేధి దగ్గరికొచ్చాక మాత్రం ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి, ఆ రెండు ముఖాల పలక వంతు వచ్చినప్పుడు దారి వైపు ఏది తిప్పాలి, ఖాళీ ఆసనమా, నిలబడ్డ బుద్ధుడా. ఒకటి తిప్పితే క్రీస్తు పూర్వపు స్తూపం, ఇంకోటి తిప్పితే దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాతి స్తూపం, పక్క పలకలన్నీ ఆ నిర్ణయం ప్రకారమే మారాలి, రెండూ ఒకేసారి నిలబడి ఉన్న రోజు ఎప్పుడూ లేదు.